బాత్రూమ్ బూజు వల్లే బాబుకు దగ్గు వస్తోందా?

ప్రశ్న: మేం విశాఖపట్నం మద్దిలపాలెంలో ఫ్లాట్‌లో ఉంటున్నాం. వానలు మొదలైతే చాలు, బాత్రూమ్ గోడలకు, పైకప్పు మూలల్లో నల్లటి బూజు పట్టేస్తోంది. మా బాబుకు ఎనిమిదేళ్లు. ఈ కాలంలో పొద్దున్నే వరసగా తుమ్ములు, రాత్రిళ్లు దగ్గు. మొన్న బ్లీచింగ్ పౌడర్ చల్లి, దాని మీదే యాసిడ్ పోసి కడిగితే నాకు ఊపిరాడలేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ యాసిడ్ సంగతి చెప్పాలి. బ్లీచింగ్ పౌడర్, యాసిడ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. గాలి ఆడని చిన్న గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేదీ యాసిడే, అందుకే వాటినీ బ్లీచింగ్‌తో కలపకూడదు. మీకు ఇంకా దగ్గు, ఆయాసం, ఛాతీలో మంట ఉంటే ఈరోజే డాక్టర్‌కు చూపించుకోండి.

బూజు నుంచి కంటికి కనిపించని సూక్ష్మ రేణువులు గాల్లోకి లేస్తాయి. అలర్జీ ఉన్న పిల్లలకు వాటితో తుమ్ములు, దగ్గు వస్తాయి, ఆస్తమా ఉంటే ఎక్కువవుతుంది. అయితే బాబును చూడకుండా తప్పంతా బూజుదే అనలేను. పరుపుల్లో ఉండే డస్ట్ మైట్స్ (కంటికి కనిపించని చిన్న పురుగులు) కూడా తేమలోనే పెరుగుతాయి. ఊరెళ్తే తగ్గి, ఇంటికి రాగానే మళ్లీ మొదలవుతోందా? గమనించి డాక్టర్‌కు చెప్పండి.

విశాఖలో సముద్రపు గాలికి మామూలు రోజుల్లోనే బట్టలు తొందరగా ఆరవు. జూన్‌లో మొదలైన వానలు అక్టోబర్ దాకా వదలవు. గోడ ఆరనంత కాలం మీరు ఏ మందు కొట్టినా బూజు మళ్లీ వస్తుంది. కాబట్టి స్నానాలయ్యాక టైల్స్, నేల మీది నీళ్లు వైపర్‌తో లాగేయండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను ఇంకో 20, 30 నిమిషాలు తిరగనివ్వండి. జల్లు కొడుతుందని వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. మీరూ పెట్టి ఉంటే వాన తగ్గగానే తీసేయండి. తడి తువ్వాళ్లు లోపల వద్దు.

ఇప్పుడున్న బూజును పొడిగా గీకకండి, అంతా గాల్లో కలుస్తుంది. మాస్కు, గ్లవ్స్ వేసుకుని, బాబును దూరంగా ఉంచి, సర్ఫ్ నీళ్లతో తడిపి బ్రష్‌తో రుద్ది కడగండి. తర్వాత పూర్తిగా ఆరాలి. బూజు మీదే పెయింట్ వేయిస్తే డబ్బు దండగ, కొన్నాళ్లకే ఊడిపోతుంది. పైకప్పు మూలల్లో అంటున్నారు కాబట్టి పైఫ్లాట్ పైపు లీకవుతోందేమో ప్లంబర్‌తో చూపించండి. అదే అయితే మీరు ఎంత కడిగినా లాభం లేదు, పైవాళ్లతోనో అసోసియేషన్‌తోనో మాట్లాడాల్సిందే.

బాబుకు దగ్గు సిరప్‌లతో రోజులు నెట్టకండి. రాత్రి దగ్గు ఆస్తమాకు గుర్తు కావచ్చు. పిల్లల డాక్టర్‌కు చూపించండి, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి) ఓపీలోనైనా సరే. ఇన్‌హేలర్ రాస్తే అలవాటైపోతుందని టెన్షన్ పడొద్దు, అలా కాదు. ఊపిరి తీస్తుంటే డొక్కలు ఎగరేయడం, పిల్లికూతలతో మాట రాకపోవడం కనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.