జ్వరం తగ్గాక ఒళ్లంతా దద్దుర్లు: గుడ్డు సంగతి తర్వాత, ముందు బాబుని లేపి చూడండి

ప్రశ్న: మా బాబుకు 20 నెలలు, బరువు 10 కిలోలు. నాలుగు రోజుల కింద జ్వరం మొదలైంది. మూడు రోజులు 103 దాకా వచ్చేది, పారాసెటమాల్ పోస్తే తగ్గి మళ్లీ వచ్చేది. మా పెద్దపాపకు గత నెల దగ్గుకు రాసిన యాంటీబయాటిక్ సిరప్ ఫ్రిజ్‌లో సగం మిగిలి ఉంటే రెండో రోజు నుంచి అదే రోజుకు రెండుసార్లు పోశాం. నిన్న ఉదయం జ్వరం పూర్తిగా తగ్గింది. సాయంత్రానికి పొట్ట మీద, వీపు మీద సన్నటి దద్దుర్లు వచ్చాయి. ఈ రోజు మెడకు, చేతులకు కూడా పాకాయి. మా అత్తయ్య అమ్మవారు పోసిందంటున్నారు, స్నానం వద్దంటున్నారు. జ్వరం రావడానికి ముందు రోజు బాబుకు మొదటిసారి కోడిగుడ్డు పెట్టాం. మెడికల్ షాపులో ఒక ఆయింట్‌మెంట్ ఇచ్చారు, ఇంకా రాయలేదు. రాత్రి నుంచి కాస్త మగతగా ఉన్నాడు, పాలు కూడా సరిగా తాగడం లేదు. ఇది గుడ్డు అలర్జీయేనా? ఆ ఆయింట్‌మెంట్ రాయొచ్చా? ఫోటోలు పంపుతున్నాను.
ఒక తల్లి, సూర్యాపేట

డాక్టర్ సలహా: అమ్మా, గుడ్డు గురించి చివర్లో చెప్తాను. 'రాత్రి నుంచి కాస్త మగతగా ఉన్నాడు' అని ఏదో గుర్తొచ్చి చేర్చినట్టు రాశారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. ఓపీ మధ్యలో ఇది చదివి వెంటనే డెస్క్ వాళ్లతో మీకు ఫోన్ చేయించాను. సాయంత్రంలోగా పిల్లల డాక్టరుకు చూపిస్తామన్నారట, మంచిది. కింద రాసేది మీకూ, ఇలాంటి ప్రశ్నే పంపిన మరికొందరికీ. మీ ఫోటోలు మూడూ ట్యూబ్‌లైట్ కింద తీసినవి, ఒకదానికి బ్యూటీ ఫిల్టర్ కూడా పడింది. వాటిని చూసి ఇదే జబ్బు అని నేను తేల్చి చెప్పలేను. బాబు ఒంటి మీద చెయ్యి వేసి చూసిన డాక్టరు మాటే వినండి.

జ్వరం తగ్గిందంటే గండం గడిచిందని ఇంట్లో అందరూ అనుకుంటారు. మామూలు వైరల్ జ్వరాల్లో అది నిజమే. డెంగీలో మాత్రం అసలు జాగ్రత్త పడాల్సింది జ్వరం దిగిన తర్వాత వచ్చే 24 నుంచి 48 గంటలు. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారేది అప్పుడే, బీపీ పడిపోయేదీ అప్పుడే. వానాకాలంలో, ఆ తర్వాత రెండు నెలలూ మన దగ్గర పిల్లాడికి జ్వరం తగ్గి, దద్దుర్లు వచ్చి, నీరసంగా పడుకుంటే నేను డెంగీ సంగతి తేలకుండా ఇంటికి పంపను. అందుకే ముందు బాబుని లేపి చూడండి. లేపితే మిమ్మల్ని గుర్తుపట్టి, మారాం చేసి, బొమ్మో ఫోనో లాక్కుంటే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. లేపినా కళ్లు మూసుకుపోతున్నా, అరచేతులు అరికాళ్లు చల్లగా ఉన్నా, ఆరు గంటలుగా డైపర్ తడవకపోయినా, ఆగకుండా వాంతులవుతున్నా, పొట్ట ముట్టుకుంటే ఏడుస్తున్నా, చిగుళ్లలోనో ముక్కులోనో రక్తం కనిపించినా ఇక ఇంట్లో ఉంచి చూడొద్దు. రాత్రయినా సరే పిల్లల వార్డున్న ఆస్పత్రికి వెళ్లాలి, బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. రక్త పరీక్ష రాస్తే ప్లేట్‌లెట్లు ఎన్ని అని మాత్రమే అడగకండి, పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల వంతు, పెరుగుతోందా అని కూడా అడగండి; నాళాల్లోంచి నీరు కారితే అది పెరుగుతుంది. ప్లేట్‌లెట్ల మీద మనవాళ్లకున్న టెన్షన్‌లో పదో వంతు పీసీవీ మీద ఉంటే బాగుండేది.

ఇంకో మాట. పారాసెటమాల్ అని రాశారు. ఆ సీసా మీద చిన్న అక్షరాల్లో మెఫెనమిక్ యాసిడ్ గానీ ఐబూప్రొఫెన్ గానీ ఉందేమో ఒకసారి చదవండి. వీటిలో ఒకదాన్ని పారాసెటమాల్‌తో కలిపిన సిరప్‌లు చాలానే ఉన్నాయి. డెంగీ అనుమానం ఉన్నప్పుడు అవి వాడకూడదు. ఉత్త పారాసెటమాల్ అయినా సీసాను బట్టి బలం మారుతుంది: 5 ఎంఎల్‌లో 120 ఎంజీ ఉన్నదొకటి, 250 ఎంజీ ఉన్నదొకటి, ఒక్క ఎంఎల్‌లోనే 100 ఎంజీ ఉండే డ్రాప్స్ ఒకటి. కిలో బరువుకు 15 ఎంజీ లెక్కన 10 కిలోల పిల్లాడికి ఒకసారికి 150 ఎంజీ, అంటే మొదటి దానిలో సుమారు 6 ఎంఎల్, రెండో దానిలో 3, డ్రాప్స్ అయితే ఒకటిన్నర. రోజుకు నాలుగుసార్లు మించకూడదు. సీసా మారినా మూత కొలత మారదనుకుని పోసేవాళ్లను వారానికి ఒకరినైనా చూస్తుంటాను.

ఇక దద్దుర్లు. మీరు చెప్పిన వరుస ఒక జబ్బుకు బాగా సరిపోతుంది, దాని పేరు రోజియోలా. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లలకు ఎక్కువగా వస్తుంది, హెర్పిస్ కుటుంబంలో ఆరో రకం వైరస్ వల్ల. మూడు నుంచి ఐదు రోజులు గట్టి జ్వరం, అది ఠక్కున తగ్గగానే ఛాతీ, పొట్ట, వీపు మీద సన్నటి దద్దుర్లు, అక్కడి నుంచి మెడకు, చేతులకు. దురద పెద్దగా ఉండదు, ఒకటి రెండు రోజుల్లో వాటంతట అవే పోతాయి. జ్వరం ఉన్న రోజుల్లో కొందరికి ఫిట్స్ రావొచ్చు గానీ, దద్దుర్లు కనిపించే సరికి పిల్లాడు సాధారణంగా హుషారుగా లేచి తిరుగుతుంటాడు. మీ బాబు అలా లేడు కాబట్టే రోజియోలా అని చెప్పేసి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు.

తట్టు అయితే కథ వేరు. అందులో దద్దుర్లు వచ్చేటప్పుడు జ్వరం తగ్గదు, ఇంకా పెరుగుతుంది. చెవుల వెనక, జుట్టు మొదట్లో మొదలై ముఖం మీదకు వచ్చి కిందికి దిగుతుంది. దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడి నీళ్లు కారడం ముందే ఉంటాయి. మీ బాబుకు పొట్ట మీద మొదలైంది, జ్వరం తగ్గాక వచ్చింది. తట్టులా అనిపించడం లేదు. కానీ ఇంత రాసిన మీరు తట్టు, రుబెల్లా రాకుండా వేసే ఎంఆర్ టీకా సంగతి రాయలేదు. మొదటి డోసు 9 నెలలు నిండాక, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. 'జలుబు ఉందని అప్పుడు వేయించలేదు, తర్వాత మర్చిపోయాం' అనే మాట వినీ వినీ విసుగొచ్చింది. చిన్న జలుబుకు టీకా ఆపక్కర్లేదమ్మా. కార్డు తీసి చూడండి, లేకుంటే మీ ఏఎన్ఎమ్మును అడగండి. తట్టేనని డాక్టరుకు అనుమానం వస్తే విటమిన్ ఎ రెండు రోజులు ఇస్తారు, దద్దుర్లు మొదలైన రోజు నుంచి నాలుగు రోజులు మిగతా పిల్లలకు దూరంగా ఉంచాలి.

ఇంట్లో మీరు చేయగల పరీక్ష ఒకటుంది. గాజు గ్లాసు అడుగుని దద్దుర్ల మీద గట్టిగా ఆనించి, గాజులోంచి చూడండి. నొక్కినప్పుడు రంగు మాయమై, తీయగానే తిరిగొస్తే అది రక్తనాళాలు వెడల్పయిన ఎరుపు. ఎంత నొక్కినా అలాగే ఉంటే చర్మం లోపల రక్తం చిమ్మినట్టు లెక్క. జ్వరంతో పాటు అలాంటి మచ్చలుంటే మెదడు పొరలకు, రక్తానికి సోకే ఇన్ఫెక్షన్ కావొచ్చు, డెంగీ కావొచ్చు, గంటల్లో ఆస్పత్రిలో ఉండాలి. పుస్తకాల్లో 'ఎర్రటి దద్దుర్లు' అని రాసి ఉంటుంది గానీ మన పిల్లల చామనఛాయ ఒంటి మీద ఎరుపు అంత తేలిగ్గా తెలియదు, గోధుమ రంగులోనో ఊదాగానో కనిపిస్తుంది. పగటి వెలుతురులో కిటికీ దగ్గర చూడండి. అరచేతులు, అరికాళ్లు, నోట్లో అంగిలి, కింది రెప్ప లోపల చూస్తే తెలుస్తుంది. గ్లాసు పరీక్షలో అంతా బాగుందని మగతను మాత్రం వదిలేయకండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. అరచేతులు, అరికాళ్లు, పిర్రల మీద పొక్కులు, నోట్లో పుండ్లు ఉంటే అది చేతులు, కాళ్లు, నోటికి వచ్చే వైరల్ జబ్బు. నీటి బుడగల్లా కొన్ని కొత్తవి, కొన్ని ఎండినవి ఒకేసారి కనిపిస్తే ఆటలమ్మ. పెద్ద దద్దు ఉబ్బి గంటల్లో ఇక్కడ మాయమై అక్కడ లేస్తే అలర్జీ దద్దుర్లు. రాత్రిళ్లు గోకి గోకి ఏడుస్తూ, ఇంట్లో ఇంకొకరికి కూడా దురద ఉంటే గజ్జి. మెడ మడతల్లో చిన్న చిన్నవి ఉంటే చెమటకాయలు. పొలాలు, పొదలు దగ్గరున్న ఇల్లయితే చంకలో, గజ్జల్లో, చెవి వెనక సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కట్టిన పుండు ఉందేమో వెతకండి. ఉంటే డాక్టరుకు తప్పకుండా చూపించాలి, అది పొదల్లోని నల్లి లాంటి చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కావొచ్చు.

ఇప్పుడు మీ ఫ్రిజ్ దగ్గరికి వస్తాను, ఇది నా పాత గొడవ. ఆ యాంటీబయాటిక్ సీసాలో మొదట ఉన్నది పొడి. కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోసి కలిపిన రోజు నుంచి దాని ఆయుష్షు చాలావరకు ఏడు రోజులే, లేబుల్ మీద ఉంటుంది. సీసా మీద వేసిన ఎక్స్‌పైరీ తేదీ మూత తీయని పొడికి. గత నెల కలిపిన దాన్ని, పెద్దపాప బరువుకు రాసిన మోతాదుని, వేరే జబ్బుకు ఇచ్చిన మందుని ఈ బాబుకు పోశారు. వైరస్‌కు అది ఎలాగూ పని చేయదు. పైగా ఇప్పుడు డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఇవి జబ్బు దద్దుర్లా, మందు దద్దుర్లా అనే ప్రశ్న పుట్టింది. సాధారణంగా మొదటిసారి వాడిన మందు వల్ల వచ్చే దద్దుర్లకు వారం దాకా పడుతుంది కాబట్టి మీ బాబు విషయంలో వైరస్ మీదే నా అనుమానం. కానీ ఎవరో తొందరపడి 'పెన్సిలిన్ పడదు' అని చీటీ మీద రాస్తే ఆ ముద్ర వాడికి జీవితాంతం ఉంటుంది. నిజంగా అవసరమైన రోజున మంచి మందు వాడలేని పరిస్థితి వస్తుంది.

కొన్నేళ్ల కింద 14 నెలల పాపను ఒకరు తీసుకొచ్చారు. జ్వరం ఎనిమిదో రోజు. వాళ్లమ్మ చేతిలో మందుల కవరు, అందులో ఐదు సీసాలు, రెండు పాత చీటీలు. రెండో రోజు ఇంట్లో మిగిలిన సిరప్ పోశారు, నాలుగో రోజు దద్దుర్లు వచ్చాయి. మందు పడలేదని ఇంకో సిరప్, దాని మీద దురద సిరప్. అలా నాలుగు రోజులు గడిచిపోయాయి. పాప కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ పుసి లేదు, పెదాలు పగిలి ఉన్నాయి. చొక్కా విప్పి చూస్తే ఎడమ భుజం మీద బీసీజీ (క్షయ టీకా) మచ్చ ఎర్రగా ఉబ్బి ఉంది. అది కవాసాకి జబ్బు, గుండెకు రక్తం అందించే నాళాలను దెబ్బతీస్తుంది. పదో రోజులోపు ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కిస్తే ఆ ముప్పు బాగా తగ్గుతుంది. ఆ రాత్రే పెద్దాస్పత్రికి పంపాం, సమయానికి అందింది. ఇంకో మూడు రోజులు 'మందు పడలేదు' అనుకుంటూ ఉండి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించదలచుకోలేదు. జ్వరం ఐదు రోజులు దాటి, దద్దుర్లు కూడా ఉంటే సీసాలు మార్చుకుంటూ కూర్చోవద్దని అప్పటి నుంచీ అందరికీ చెప్తున్నాను. మీ బాబుకు జ్వరం మళ్లీ వస్తే ఈ మాట గుర్తుంచుకోండి. ఆ సిరప్ ఇక పోయకండి. పారేయొద్దు కూడా, ఎప్పుడెప్పుడు ఎంత పోశారో కాగితం మీద రాసుకుని సీసాతో సహా డాక్టరుకు చూపించండి.

మెడికల్ షాపు ఆయింట్‌మెంట్ ఇంకా రాయలేదన్నారు, అలాగే ఉంచండి. ట్యూబు వెనక బీటామెథాసోన్, క్లోబెటాసోల్ లాంటి పేర్లుంటే అది స్టెరాయిడ్. ఇలాంటి చాలా స్టెరాయిడ్ క్రీములను 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. మీకెలా అమ్మారో నాకు తెలుసు, మీకూ తెలుసు. జ్వరం తర్వాత వచ్చిన దద్దుర్లకు పై పూత అక్కర్లేదు. బాగా దురదగా ఉంటే కాలమైన్ లోషన్ చాలు.

అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి: అమ్మవారైనా, ఇంకేదైనా గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించొచ్చు. వేపాకు వేసుకుంటామంటే నాకు అభ్యంతరం లేదు, పసుపు ముద్ద మాత్రం ఒంటికి పట్టించొద్దు, దద్దుర్ల రంగు మాకు కనపడదు. పత్యం పేరుతో పిల్లాడి కడుపు మాడ్చొద్దు. పాలు తాగకపోతే ఓఆర్ఎస్, మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు చెంచా చెంచాగా పట్టిస్తూనే ఉండండి. మగతగా ఉన్న పిల్లాడి నోట్లో మాత్రం పడుకోబెట్టి ఏదీ పోయకండి.

చివరగా గుడ్డు. గుడ్డు పడకపోతే తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు మూతి చుట్టూ దద్దుర్లు, వాపు, వాంతులు కనిపిస్తాయి. ముందు రోజు తిన్న గుడ్డుకు మూడు రోజుల 103 జ్వరం రాదు. బాబు పూర్తిగా కోలుకుని మామూలుగా తింటున్నప్పుడు, పగటి పూట, బాగా ఉడికించిన గుడ్డు కొంచెం పెట్టి రెండు గంటలు గమనించండి. ఏమీ లేకపోతే కొనసాగించండి. గుడ్డు విషయంలో నేను మీతో పెట్టుకునే తగువు ఒకటే, ఆరు నెలలు నిండాక మొదలుపెట్టాల్సిన దాన్ని 20 నెలల దాకా ఎందుకు ఆపారని.