సముద్రం ఒడ్డుకు స్వెట్టరెందుకు?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద: బడిపిల్లలు సముద్రతీరంలో ఒక రాత్రి ఉండివచ్చే ప్రకృతి శిబిరం. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా పాప ఏడో తరగతి. జనవరి చివర్లో బడివాళ్లు పులికాట్ వైపు సముద్రం ఒడ్డుకు క్యాంపుకు తీసుకుపోతున్నారు. రెండు స్వెట్టర్లు, మంకీ క్యాపు, రగ్గు, మూడు జతల బట్టలు, అన్నీ ట్రాలీ సూట్‌కేసులో సర్దినాను. ఇంకేమన్నా మర్చిపోయినానా?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: మర్చిపోయింది కొంచెమేనమ్మా, తీసెయ్యాల్సిందే ఎక్కువ. మీరు సర్దింది హార్స్‌లీ హిల్స్‌కు. కొండమీద పొద్దు వాలితే చలి గబగబా దిగుతుంది. సముద్రం పగటి వేడిని మెల్లగా వదులుతుంది కాబట్టి ఒడ్డున రాత్రి అంత చల్లబడదు. అక్కడ సతాయించేవి తేమ, ఉప్పు, ఇసుక. ఉన్ని స్వెట్టరు తెల్లవారేసరికి మంచు పీల్చుకుని బరువెక్కుతుంది, మళ్లీ ఇంటికి వచ్చేదాకా ఆరదు. దాని బదులు ఒక పొడుగు చేతుల కాటన్ చొక్కా, గాలి ఆపే పల్చటి జాకెట్ ఒకటి చాలు. రగ్గు బదులు నూలు దుప్పటి. టర్కీ టవల్ బదులు తుండుగుడ్డ.

సూట్‌కేసు ఇంట్లోనే పెట్టండి. ఇసుకలో చక్రాలు తిరగవు, జిప్పులో ఇసుక పడితే కదలదు. బడికి తీసుకెళ్లే బ్యాగే సరిపోతుంది. నీళ్లు నింపకముందు మొత్తం నాలుగు కిలోలు దాటితే ఏదో ఒకటి అనవసరంగా పెట్టారన్నమాట.

బట్టలు విడివిడిగా కాక జతలుగా కట్టండి. ఒక పాలిథిన్ కవర్లో చొక్కా, ప్యాంటు, లోదుస్తులు, సాక్సులు, అంటే ఒకసారి మార్చుకోవడానికి కావలసినవన్నీ. అట్లాంటివి రెండు. ఖాళీ కవర్లు ఇంకో రెండు, తడిబట్టలకు. కాళ్లకు బడి క్యాన్వాస్ బూట్లు, వెనక పట్టీ ఉన్న పాత శాండల్స్. హవాయి చెప్పులు వద్దు. బురదలో కాలు లేస్తుంది, చెప్పు లేవదు. ఉప్పుకయ్యల బురదలో ఆల్చిప్పల అంచులు బ్లేడులా ఉంటాయి, అందుకని ఒట్టికాళ్లతో అసలు దిగకూడదు. తాడున్న టోపీ, లీటరు నీళ్ల సీసా, తట్ట, గ్లాసు, దోమల క్రీము, టార్చి. కమ్మలు, పట్టీలు తీసేసి పంపండి.

మీ జాబితాలో కనపడనిది ఒకటుంది. పాపకు ఇంకా నెలసరి మొదలు కాకపోయినా నాలుగు ప్యాడ్లు, చుట్టి పారేయడానికి పాత పేపరు, ఒక కవరు పెట్టండి. అవసరమైతే ఏ టీచరమ్మకు చెప్పాలో ముందే చెప్పి ఉంచండి.

ఇదంతా సర్దాల్సింది మాత్రం మీరు కాదు, పాప. మీరు పక్కన కూర్చుని చూడండి. ముందురోజు రాత్రి లైటు ఆర్పేసి, "టార్చి తియ్యి, రాత్రి బట్టలు తియ్యి, తుండుగుడ్డ తియ్యి" అనండి. నిమిషంలో మూడూ చేతికి వస్తే సర్దుడు అయినట్టే. సంచి మొత్తం మంచం మీద బోర్లించిందంటే గుడారంలోనూ అదే చేస్తుంది, అక్కడ కింద ఇసుక.

ప్రశ్న: ఎనిమిదో తరగతి పిల్లలు 40 మంది, టీచర్లం నలుగురం. తిరుపతి నుంచి తెల్లవారుజామున బయల్దేరి మర్నాడు సాయంత్రానికి వచ్చేస్తాం. సొంతంగా వంట, గుడారాలు. దేనికి జాగ్రత్త పడాలి? పిల్లల్ని సముద్రంలో దించవచ్చా?
– ఉపాధ్యాయిని, తిరుపతి

జవాబు: చివరి ప్రశ్నకు ముందు జవాబు: స్నానానికి దించవద్దు మేడమ్, ఈత వచ్చినవాళ్లను కూడా. ఒడ్డుకు వచ్చిన అలల నీళ్లు వెనక్కి పోవడానికి ఒక సందు చూసుకుంటాయి. ఆ సందులో అల విరగదు, నురగ ఉండదు, చుట్టూ ఉన్నదానికంటే ప్రశాంతంగా కనిపిస్తుంది. పిల్లలు సరిగ్గా అక్కడికే పోతారు. మనిషిని లోపలికి లాగేది అదే. కాళ్లు తడుపుకోవడానికైతే పదిమంది చొప్పున, మోకాలి లోతు దాటకుండా పంపండి. ఇద్దరు పెద్దవాళ్లు పిల్లలకు అవతల, సముద్రం వైపు నిలబడాలి. ఒడ్డున నిలబడి కేకలేస్తే అలల హోరులో వినబడదు. మిగతా 30 మంది ఇసుకలో కూర్చుని ఉండాలి.

లెక్కకు ఒక పద్ధతి: 1 నుంచి 40 దాకా ప్రతి పిల్లకూ ఒక నంబరు, ఇద్దరేసి జతలు. బస్సు దిగగానే, నీళ్లలోంచి బయటికి వచ్చాక, భోజనానికి ముందు, పడుకునేముందు నంబర్లు వాళ్లే వరసగా పలకాలి. తలలు లెక్కపెడితే కదిలే పిల్లలు రెండుసార్లు లెక్కలోకి వస్తారు.

కాలం సంగతి. నవంబరు, డిసెంబరు ఆ తీరానికి ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫానుల కాలం. జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మేలు. అప్పుడైనా రెండు రోజుల ముందు వాతావరణ శాఖ ప్రకటన చూసి, అల్పపీడనం మాట వినబడితే వాయిదా వెయ్యండి. బస్సుకు అడ్వాన్సు ఇచ్చేటప్పుడే ఈ షరతు మాట్లాడుకుంటే తర్వాత గొడవ ఉండదు.

గుడారాల దగ్గర రెండు పొరపాట్లు జరుగుతాయి. మొదటిది చోటు. పోటు రోజుకు రెండుసార్లు, సుమారు 12 గంటల 25 నిమిషాలకు ఒకసారి వస్తుంది. ఇవాళ సాయంత్రం ఆరుకు వస్తే రేపు దాదాపు ఏడు అవుతుంది. పున్నమికీ అమావాస్యకూ ఇంకా పైకి ఎక్కుతుంది. మధ్యాహ్నం పొడిగా ఉన్న చోటు అర్ధరాత్రి తడవొచ్చు. ఇసుకలో ఎండిన నాచు, పుల్లలు, గవ్వలు ఒక గీతలా పడి ఉంటాయి, మొన్నటి నీళ్లు అంతవరకు వచ్చాయని గుర్తు. అలాంటి గీతల్లో అన్నిటికంటే పైనున్నదాన్ని చూసుకుని, దానికీ బాగా ఎగువన వెయ్యండి. రెండోది మేకులు. మామూలు గుడారం మేకు ఇసుకలో నిలవదు, ఒక్క గాలి విసురుకు ఊడి వస్తుంది. ఖాళీ బియ్యం సంచులు తీసుకెళ్లి, ఒక్కోదాంట్లో పది కిలోల ఇసుక నింపి, మూతికి తాడు కట్టి మోకాలి లోతు గోతిలో పూడ్చండి. తాడు గుడారానికి. మూలకు ఒకటి చొప్పున గుడారానికి నాలుగు సంచులు.

నీళ్లు: మనిషికి రోజుకు నాలుగు లీటర్ల తాగునీరు. 44 మందికి ఒకటిన్నర రోజుకు 264 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు 14. వంటకు ఇంకో ఆరు. అక్కడి బోరు నీళ్లతో వండుదాంలే అనుకోవద్దు. ఉప్పదనం, గడుసుదనం ఉన్న నీళ్లలో కందిపప్పు గంటసేపు కాగినా పలుకు పలుకుగానే ఉంటుంది. పూటకు బియ్యం 5 కిలోలు, పప్పు కిలోన్నర సరిపోతాయి. మొదటి మధ్యాహ్నానికి ఇంటినుంచి చింతపండు పులిహోర మంచిది, వెడల్పు పళ్లెంలో బాగా ఆరబెట్టాకే డబ్బాలో పెట్టాలి. వేడిగా మూతపెడితే ఆవిరికి చెమ్మగిల్లి పాచిపోతుంది. కొబ్బరి చెట్నీ వద్దే వద్దు. చిరుతిండికి బొరుగులు, పప్పులు, వేయించిన చెనక్కాయలు.

మందుల పెట్టెలో ఓఆర్ఎస్ పొట్లాలు పది ఉండాలి. లీటరు పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసుకు కొంచెం కొంచెం వేస్తే ఉప్పు పాళ్లు తప్పి, మేలు పోయి కీడవుతుంది. జెల్లీచేప తగిలితే ఇసుకతో రుద్దకూడదు, మంచినీళ్లు పోయకూడదు. రెండూ చర్మం మీద ఇంకా పేలని విషపు కణాలను పేల్చేస్తాయి. సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న పోగులను పటకారుతో తీసి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో 20 నిమిషాలు ఉంచండి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా ఆలస్యం చెయ్యకుండా 108.

ఇంకొక్కటి. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. తెల్లటి వెలుతురు చూస్తే బెదిరి వెనక్కి పోతాయి. టార్చీలకు ఎర్ర జిలుగు కాగితం రెండు పొరలు కట్టించండి. దాంతో పిల్లల కళ్లు కూడా చీకటికి అలవాటు పడతాయి.

ప్రశ్న: మా వాడికి తిరుమల ఘాట్ రోడ్డులో ఎప్పుడూ వాంతులే. క్యాంపుకు మూడు గంటలు బస్సు అంటున్నారు. పంపమంటారా, వద్దా?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: పంపండి సార్. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా పోయే దారిలో ఘాట్ మలుపులు లేవు. కడుపు తిప్పేది, కదులుతున్నామని చెవిలోని సమతూకపు భాగం చెబుతుంటే కన్ను కదలని వస్తువును చూస్తున్నప్పుడు. కాబట్టి బస్సులో ఫోనూ వద్దు, పుస్తకమూ వద్దు. వెనక చక్రాల మీది సీట్లు కాక ముందువైపు కిటికీ పక్కన కూర్చోబెట్టి దూరాన రోడ్డును చూడమనండి. ఖాళీ కడుపు కూడా తిప్పుతుంది, గంట ముందు నూనె లేకుండా రెండు ఇడ్లీలు పెట్టండి. మాత్ర ఏదన్నది వాడి బరువు చెప్పి డాక్టరును అడగండి. బస్సు కదలడానికి అరగంట, గంట ముందే పడాలి, వాంతి మొదలయ్యాక వేస్తే మాత్రే బయటికి వస్తుంది. జేబులో రెండు కవర్లు. చిల్లులున్నాయేమో నీళ్లుపోసి చూశాకే.

ప్రశ్న: బాబుకు పదకొండేళ్లు. అప్పుడప్పుడు రాత్రి పక్క తడుపుతాడు. సిగ్గుతో రానంటున్నాడు.
– పేరు వద్దన్నారు, తిరుపతి

జవాబు: ఆ వయసులో ఇంకా కొందరికి ఉంటుంది, వాడొక్కడే కాదు. ఒకే ఒక్క టీచరుకు చెప్పండి, విడిగా. పగలు నీళ్లు బాగా తాగనిచ్చి, పడుకోవడానికి రెండు గంటల ముందు ఆపండి. పదిన్నరకు ఒకసారి, తెల్లవారి నాలుగుకు ఒకసారి ఆ టీచరు బాబు భుజం తట్టి లేపితే చాలు. గుడారంలో చోటు ద్వారం పక్కన. దుప్పటి కింద ప్లాస్టిక్ పట్ట, ముదురు రంగు నిక్కరు ఇంకొకటి. ఈ ఏర్పాటంతా బాబుకు తెలిసి ఉండాలి, తెలిస్తేనే వస్తాడు.

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతి. ఫ్లెమింగోలను దగ్గరగా చూడాలని ఉంది. మా ఇంట్లో బైనాక్యులర్ లేదు. ఫోన్ తీసుకుపోవచ్చా?
– విద్యార్థి, తిరుపతి

జవాబు: ఫోను వద్దు నాయనా, జూమ్ చేస్తే గులాబీ చుక్కలే వస్తాయి. ఐదుగురికి ఒక బైనాక్యులర్ చాలు, 8×42 అని రాసి ఉన్నది బడివాళ్లను అడగండి. 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, 42 అంటే ముందరి అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 10×50 ఇంకా గొప్పదని ఎవరన్నా చెప్తే నమ్మకు, నీ చేతుల్లో వణుకుతుంది.

ముందు ఒట్టి కళ్లతో పక్షిని చూడు. చూపు దానిమీదనుంచి తియ్యకుండా బైనాక్యులర్‌ను కళ్లకు ఎత్తు. బైనాక్యులర్ పెట్టుకుని పక్షికోసం వెతికితే ఆకాశమే కనిపిస్తుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సును దాటుతుంది, నీళ్లున్న కాలంలో అక్కడినుంచి చూడొచ్చు. సూర్యుడు నీ వీపు వైపు ఉండేట్టు నిలబడు, లేకపోతే అన్నీ నల్లగా కనిపిస్తాయి. ఫ్లెమింగో తల తలకిందులుగా నీళ్లలో పెట్టి ముక్కుతో వడగట్టుకుని తింటుంది. ఆ తిండిలోని రంగే దాని ఈకల గులాబీ. దగ్గర్లోని నేలపట్టు పక్షుల కేంద్రంలో చెట్లమీద గూళ్లు కట్టుకునేవి వేరు, అవి గూడబాతులు, అంటే పెలికాన్లు. గూళ్ల దగ్గర అరిస్తే తల్లిపక్షి లేచిపోతుంది, కాకులు కాచుకుని ఉంటాయి. తెల్లచొక్కా, ఎర్రచొక్కా కాకుండా మట్టిరంగుది వేసుకో.

తిరిగి వచ్చాక అద్దంమీద ఇసుక ఉంటే గుడ్డతో తుడవొద్దు, గీతలు పడతాయి. తలకిందులుగా పట్టుకుని ఊదు, తర్వాత మెత్తని బ్రష్. ఆ పని అయ్యాకే గుడ్డ.