39 గెలుపుల జట్టు గురించి రాస్తున్న అమ్మాయికి

అనంతపురం,
ఆదివారం పొద్దున

అమ్మాయీ,

ఆశీస్సులు. నువ్వు పంపిన పదకొండు పేజీలు మొన్న రాత్రి ఒకసారి, ఇవాళ తెల్లవారుజామున ఇంకోసారి చదివాను. రెండోసారి పెన్సిల్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. అంచుల్లో గీతలు చూసి దిగులు పడొద్దు. పస లేని రాత మీద నేను ఇంతసేపు కూర్చోను.

టవర్ క్లాక్ దగ్గర ఉగ్గాని బజ్జీ తింటూ నలుగురు మనుషులు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోని షికాగో బుల్స్ జట్టును ఎలా బాగుచేయాలా అని కొట్లాడుకోవడం నాకు చాలా నచ్చింది. చలికాలంలో షికాగోలో రాత్రి ఏడింటికి మొదలయ్యే ఆట మనకు పొద్దున ఆరున్నరకు వస్తుంది. ఆట ముగిసేలోపే ఒకాయన మెడికల్ షాపు తెరవాలి, ఒకాయన బ్యాంకుకు తయారవ్వాలి, పీఈటీ సారు బడికి పోవాలి. సగం చూసిన ఆట ఫోన్‌లో మిగిలిపోయి, దాని మీద కోపం మాత్రం రోజంతా వెంట నడుస్తుందని రాశావు చూడు, అది నిజంగా చూసినవాళ్లకే తెలిసే సంగతి.

నువ్వు ఎంచుకున్న జట్టు కూడా సరైనదే. గెలిచే జట్టు గురించి ఎవరైనా రాస్తారు. ఘోరంగా ఓడిపోయే జట్టు మీద జాలి పుడుతుంది, ఆ జాలితో రాత నడిచిపోతుంది. బుల్స్ అలా కాదు. 2022-23లో 40 గెలుపులు, 42 ఓటములు. తర్వాతి రెండేళ్లూ 39, 43. కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్‌లో చోటు తేల్చడానికి ఏడు నుంచి పది స్థానాల్లో ఉన్నవాళ్లకు పెట్టే ప్లే-ఇన్‌లో వరుసగా మూడేళ్లు మయామీ చేతిలోనే ఓడి ఇంటికి పోయారు. ఏడవడానికీ చాలదు, పండగ చేసుకోవడానికీ చాలదు. అలాంటి జట్టును ప్రేమించే మనిషి మనసు రాయడం కష్టం. ఆ కష్టానికి నువ్వు సిద్ధపడ్డావు కాబట్టే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ఇక నాలుగో పేజీకి వద్దాం. బ్యాంకాయన అక్కడ ఒకటిన్నర పేజీ ఏకధాటిగా మాట్లాడాడు. కొత్త ఆటగాళ్లను ఏరుకునే డ్రాఫ్ట్‌లో వరస తేల్చే లాటరీలో 14 జట్లు ఉంటాయని, 2019 నుంచి అట్టడుగు మూడు జట్లకూ మొదటి పిక్, అంటే అందరికంటే ముందు ఏరుకునే వంతు, వచ్చే అవకాశం తలా 14 శాతమని, కాబట్టి బుల్స్ ఉన్నవాళ్లందర్నీ అమ్మేసి అట్టడుగుకు పోవాలని. లెక్కలన్నీ సరిగానే ఉన్నాయి. కానీ ఆయన ఎవరితో మాట్లాడుతున్నాడు? ఎదురుగా ఉన్న ముగ్గురూ పదేళ్లుగా ఈ ఆట చూస్తున్నవాళ్లు, వాళ్లకు ఇవన్నీ తెలుసు. ఆయన చేత నువ్వు పాఠకుడికి పాఠం చెప్పించావు. అందుకే ఆ పేజీలో ఉగ్గాని చల్లారిపోయింది.

ఆ 14 శాతం మాట ఆయన నోట్లో ఉండగానే మెడికల్ షాపాయన అడ్డం పడాలి. 2023లో అందరికంటే అడుగున ఉన్నది డెట్రాయిట్, వచ్చింది అయిదో పిక్. 2024లో 14 గెలుపులు, 68 ఓటములతో మళ్లీ డెట్రాయిటే అడుగున, మళ్లీ అయిదో పిక్. 2025లో యూటా అడుగున, దానికీ అయిదే. ఆ ఏడాది మొదటి పిక్ 1.8 శాతం అవకాశం ఉన్న డల్లాస్‌కు పోయింది, అంతకుముందు ఏడాది 3 శాతం ఉన్న అట్లాంటాకు. మూడేళ్లు ఇలా జరిగాక ఇంకా అడుగుకు పోదామంటావేంది అని ఆయన అరవాలి. అప్పుడు బ్యాంకాయనకు నొప్పి పుడుతుంది. నొప్పి పుట్టాక ఆయన మాట్లాడేదే నాకు కావాలి. అదే డెట్రాయిట్ మరుసటి ఏడాదే 44 ఆటలు గెలిచింది కదా అంటాడు. అంతటితో ఆగకుండా 2008 ఎత్తుతాడు. ఆ ఏడాది బుల్స్‌కు ఉన్న అవకాశం 1.7 శాతమే. అయినా మొదటి పిక్ వచ్చింది, ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన డెరిక్ రోజ్ వచ్చాడు, 2011లో 22 ఏళ్లకే ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు, అయ్యాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ప్లేఆఫ్స్ మొదటి ఆటలోనే మోకాలు పోయింది. రోజ్ పేరు వినగానే మెడికల్ షాపాయన మెత్తబడిపోవాలి, ఎందుకంటే ఆయన ఈ జట్టుకు దాసుడైంది ఆ రోజుల్లోనే అని రెండో పేజీలో నువ్వే రాశావు. లెక్కకు లెక్క జవాబుగా మొదలైన గొడవ ఒక మనిషి పాత గాయం దగ్గరకు పోయింది చూడు. నీ దగ్గర సరుకంతా ఉంది, తగలాల్సిన చోట తగిలించలేదు.

ఏడో పేజీలో "ఓక్లహోమా లాగా చేయాలి" అని ఒకే వాక్యంలో దాటేశావు. నీ రచనలో అన్నిటికంటే సారవంతమైన చేను అదే, దాన్ని బీడు వదిలేశావు. 2025 ఫైనల్ ఓక్లహోమా, ఇండియానాల మధ్య జరిగింది, ఏడు ఆటల దాకా పోయింది. ఆ రెండు జట్ల పుట్టుక ఒకసారి చూడు. 2017లో ఇండియానా తన స్టార్ ఆటగాడు పాల్ జార్జ్‌ను ఓక్లహోమాకు ఇచ్చి ఒలడీపోను, సబోనిస్‌ను తెచ్చుకుంది. 2022లో ఆ సబోనిస్‌ను సాక్రమెంటోకు పంపి హాలిబర్టన్‌ను తెచ్చుకుంది. ఓక్లహోమా 2019లో అదే పాల్ జార్జ్‌ను క్లిప్పర్స్‌కు ఇచ్చి షాయ్ గిల్జియస్-అలెగ్జాండర్‌ను, అయిదు మొదటి రౌండ్ పిక్‌లను, ఇంకా కొన్నింటిని తెచ్చుకుంది. ఒక్క మనిషి వెళ్లిపోవడంలోంచి రెండు ఫైనల్ జట్లు మొలిచాయి. ఓక్లహోమా మధ్యలో 22 గెలుపులు, 24 గెలుపుల రెండేళ్లు భరించి, చివరికి 68 ఆటలు గెలిచి కప్పు ఎత్తింది. ఇండియానా అంత లోతుకు దిగలేదు. 25 గెలుపుల ఏడాది ఒకటి చూసి, వెంటనే పైకి ఎక్కడం మొదలుపెట్టింది. అంటే బ్యాంకాయనా, మెడికల్ షాపాయనా ఇద్దరూ అదే ఫైనల్‌ను తమ సాక్షిగా పిలుచుకోవచ్చు. ఇద్దరికీ ఆ సాక్ష్యం చెల్లుతుంది. ఇంతకంటే మంచి గొడవ రచయితకు ఎక్కడ దొరుకుతుంది?

ఇక్కడే నీ పీఈటీ సారును లేపాలి. పదకొండు పేజీల్లో ఆయన నాలుగుసార్లు టీ తాగాడు, రెండుసార్లు నవ్వాడు, ఒక్క మాటా మాట్లాడలేదు. ఏళ్ల తరబడి బడి గ్రౌండ్‌లో పిల్లల్లోంచి ఆటగాళ్లను ఏరుతున్న మనిషి ఆయన. ఎవరిని తీసుకున్నాడో అందరికీ గుర్తుంటుంది, ఎవరిని వదిలేశాడో ఆయనకు మాత్రమే గుర్తుంటుంది. 2018లో బుల్స్ ఏడో పిక్‌లో వెండెల్ కార్టర్‌ను తీసుకున్నారు. షాయ్ పదకొండో పిక్ దాకా మిగిలే ఉన్నాడు. 2020లో నాలుగో పిక్‌లో పాట్రిక్ విలియమ్స్‌ను తీసుకున్నారు. హాలిబర్టన్ పన్నెండు దాకా మిగిలే ఉన్నాడు. 2025 ఫైనల్‌లో రెండు జట్లనూ నడిపిన ఇద్దరు కుర్రాళ్లూ బుల్స్ కళ్ల ముందు నుంచి పోయినవాళ్లే. తర్వాత ఎంవీపీలైన ఇద్దర్ని చూడు, యానిస్‌ను వేరే జట్టు 15వ పిక్‌లో తీసుకుంది, యోకిచ్‌ను ఇంకో జట్టు 41వ పిక్‌లో. మరి మొదటి పిక్ కోసం ఓడిపోదామా వద్దా అని ఆ ఇద్దరూ అరుచుకుంటుంటే, ఏరే కన్ను లేనప్పుడు ఏ పిక్ వస్తే ఏం లాభం అని అడగగలిగినవాడు ఆ బెంచీ మీద ఆయన ఒక్కడే. అడిగాక ఆయన చేత ఇంకో మాట కూడా అనిపించు. అయిదేళ్ల తర్వాత చూసి తప్పు పట్టడం తేలిక, ఆ రోజు గ్రౌండ్‌లో పిల్లలు వరసగా నిలబడి నీ వేలి వైపు చూస్తున్నప్పుడు ఏరడం కష్టం. ఈ మాట చెప్పేటప్పుడు ఆయనకు తను వదిలేసిన ఏ పిల్లవాడు గుర్తొచ్చాడో నువ్వు వెళ్లి అడుగు. కల్పించొద్దు. అడిగితే చెప్తాడు.

నీ రాతలో నాకు బాధ కలిగించింది ఒకటుంది. మెడికల్ షాపాయన్ని మూర్ఖుణ్ణి చేశావు. ఈ ఏడాదే గెలవాలంటాడు, ప్రతిసారీ తప్పు మాట్లాడతాడు, చివర్లో నోరు మూసుకుంటాడు. నువ్వు బ్యాంకాయన పక్షం అని మూడో పేజీకే తెలిసిపోయింది. ఇదే తప్పు నేనూ చేశాను కాబట్టి వివరంగా చెప్తాను.

మాకు ఆరెకరాల మెట్ట ఉండేది. ఏటా చెనిక్కాయే. వాన పడితే నాలుగు బస్తాలు, లేకపోతే కట్టె కూడా మిగలదు. గట్టిగా మునిగిందీ లేదు, తేలిందీ లేదు. మా చిన్నాయన బోరు వేసి చీనీ చెట్లు పెడదామన్నాడు. నాలుగైదేళ్లు కాపు ఉండదు, ఆ తర్వాత మన బతుకు మారుతుందన్నాడు. మా నాయన ఒప్పుకోలేదు. అరుగు మీద ఎన్నో రాత్రులు వాళ్లిద్దరూ వాదించుకున్నారు. నాకు ఇరవై రెండేళ్లప్పుడు దాన్ని కథగా రాశాను. చిన్నాయన్ని ముందుచూపు ఉన్న మనిషిగా, మా నాయన్ని భయస్థుడిగా చూపించాను. అచ్చయింది, నలుగురూ మెచ్చుకున్నారు. పత్రిక పట్టుకుపోయి చిన్నాయనకు చదివి వినిపించాను, సంతోషిస్తాడని. అంతా విని ఆయన అన్న మాట ఇది: "నా మాటలు బాగా రాసినావు గానీ మా అన్న మాటలు యాడ? ఆ పొద్దు ఆయప్ప నీ కాలేజీ ఫీజు లెక్క ఏసుకుంటా ఉన్న్యాడు. అయిదేండ్లు తోట కాయకపోతే నువ్వు యాడ సదువుతావు?"

అప్పటికి మా నాయన పోయి ఏడాదయింది. ఆ కథను మళ్లీ ఏ సంకలనంలోనూ చేర్చనివ్వలేదు.

కాబట్టి మెడికల్ షాపాయన దగ్గరకు మళ్లీ వెళ్లు. ఆయన వయసు యాభై ఆరు అని రాశావు. అయిదేళ్లు ఓర్చుకుందామని ముప్పై ఏళ్ల బ్యాంకాయన అన్నప్పుడు, ఆ అయిదేళ్లు ఇద్దరికీ ఒకే పొడవు కావు. పైగా ఆయన ఇంతకుముందే ఒకసారి ఓర్చుకున్నాడు. 2017లో జిమ్మీ బట్లర్‌ను పంపేసి బుల్స్ మొదట్నుంచి మొదలుపెట్టినప్పుడు 27 గెలుపులు, 22 గెలుపులు, మళ్లీ 22 అన్నీ చూశాడు. ఆ ఓర్పుకు దక్కింది 2021-22లో 46 గెలుపులు, మొదటి రౌండ్‌లో ఓటమి. ఆ ఏడాది మధ్యలోనే లోంజో బాల్ మోకాలు పోయి, మళ్లీ కోర్టులోకి రావడానికి రెండున్నరేళ్ల పైనే పట్టింది. ఇంకోసారి ఓర్చుకోమంటే ఆయనకు కోపం రావడంలో మూర్ఖత్వం ఏముంది? ఆయన వాదన నీకు నచ్చకపోయినా ఫరవాలేదు. ఆయన రాత్రి పడుకునేటప్పుడు తనకు తాను చెప్పుకునే పద్ధతిలో దాన్ని రాయి. రాసేటప్పుడు నువ్వే కాసేపు ఆయన వైపుకు జారిపోవాలి.

మాటల గురించి కొంచెం. డ్రాఫ్ట్‌ను "ముసాయిదా" అని రాశావు. అది అసెంబ్లీ బిల్లుకు చెల్లుతుంది, ఇక్కడ కాదు. డ్రాఫ్ట్ అనే రాయి. "పునర్నిర్మాణం" అని ఇరవైసార్లు వచ్చింది. ఆ బెంచీ మీద ఎవరూ ఆ మాట అనరు. టీమ్‌ను మళ్లీ కట్టాల అంటారు, అందర్నీ అమ్మేసి మొదట్నుంచి రావాల అంటారు. వాళ్ల "కట్టాల", "రావాల" తీసేసి పుస్తకం భాష పెట్టొద్దు. మంచి పిక్ కోసం కావాలని ఓడిపోవడాన్ని ట్యాంకింగ్ అంటారు కదా, ఆ మాట మాత్రం మొదటిసారి వచ్చినప్పుడు ఏమిటో తెలిసేలా చేయి. మా ఆవిడ చదివి నన్ను అడిగింది.

ఆ మాట వచ్చింది కాబట్టి నీ గురించి కూడా అడగాలి. కాలేజీ జట్టులో నాలుగేళ్లు ఆడావు. ఆ బెంచీ మీద నిజంగా ఆట ఆడింది నువ్వూ, పీఈటీ సారూ మాత్రమే. అయినా తొమ్మిదో పేజీలో "నాకూ ఒక అభిప్రాయం ఉంది" అని రాసి, అది ఏమిటో చెప్పకుండానే టీ గ్లాసులు లెక్కపెట్టావు. ఎందుకమ్మా?

కావాలని ఓడిపోవడం అని మీవాళ్లు తేలిగ్గా అనేస్తారు. ఫిలడెల్ఫియా 2013 నుంచి మూడేళ్లు ఆ దారిలో నడిచింది. 19 గెలుపులు, 18, ఆఖరికి 10. ఒక ఏడాది వరుసగా 26 ఆటలు ఓడింది. అక్కడ ఆటగాడికి ఓడిపోమని ఎవరూ చెప్పరు. పైవాళ్లు బలమైనవాళ్లను పంపేస్తారు. మిగిలిన కుర్రాళ్లు కాంట్రాక్టు నిలబెట్టుకోవాలని ప్రాణం పెట్టి ఆడతారు, ఆడీ ఓడిపోతారు. వరుసగా ఓడుతున్న జట్టులో డ్రెస్ మార్చుకునే గది ఎలా ఉంటుంది, బూట్ల తాడు కట్టుకుంటూ పక్కమ్మాయి మొహం చూడలేకపోవడం ఎలా ఉంటుంది, ఆ నలుగురిలో బ్యాంకాయనకు తెలియదు. నీకు తెలుసు. ఇంటర్ కాలేజీ పోటీల్లో ఒక్క ఆటా గెలవకుండా తిరిగొచ్చిన ఏడాది గురించి నువ్వు నాకు ఫోన్‌లో చెప్పావు, బస్సులో ఎవరూ మాట్లాడలేదని. అది పదకొండు పేజీల్లో లేదు. అది రాకుండా ఈ రచన పూర్తి కాదని నా నమ్మకం. బెంచీ మీద నోరు విప్పి ఆ బస్సు సంగతి చెప్పు. విన్నాక బ్యాంకాయన ఏమంటాడో, అసలేమైనా అంటాడో లేదో, అది నువ్వు అక్కడ కూర్చుని చూసి రాయాలి.

పదో పేజీలో 2024లో బుల్స్ ఓక్లహోమాకు కరూసోను ఇచ్చి గిడ్డీని తెచ్చుకున్న గొడవ కొంచెం తగ్గించు. కరూసో మరుసటి ఏడాదే ఓక్లహోమాతో కప్పు ఎత్తాడన్న ఒక్క మాట ఉంచితే చాలు, చదివేవాళ్లకు మండుతుంది.

ఆఖరుగా, రెండో పేజీలో ఒక ఎర్ర టోపీ ఉంది. ఎద్దు తల బొమ్మ ఉన్న టోపీ. అది ఏ జట్టుదో, అసలు జట్టుదో కాదో కూడా తెలియకుండా మెడికల్ షాపాయన ఫుట్‌పాత్ మీద కొనుక్కున్నాడని రాశావు. ఆ తర్వాత అది మళ్లీ ఎక్కడా కనిపించలేదు. ఆయన దాన్ని ఇప్పటికీ పెట్టుకుంటాడా? మయామీతో మూడోసారి ఓడిన పొద్దున అది ఆయన తల మీద ఉందా, షాపులో మేకుకు తగిలించి ఉందా? సోమవారం వెళ్లినప్పుడు చూసి, నాకు ఫోన్ చేయి. మిగతాది తర్వాత మాట్లాడదాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య