మరచెంబు కొనేముందు మూత తిప్పి చూడండి

ప్రశ్న: సంక్రాంతి వెళ్ళాక కారులో మధురై వెళ్తున్నాం. దారిలో కారైక్కుడిలో పాత సామాన్ల కొట్లు ఉన్నాయట. మా నాయనమ్మ దగ్గరున్నలాంటి మరచెంబు ఒకటి, అమెరికాలో ఉన్న మా అబ్బాయికి పాత పంచలోహ విగ్రహం ఒకటి కొనాలని ఉంది. పాతవో కావో ఎలా తెలుస్తుంది?
- ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తప్పకుండా ఆగండమ్మా. మధురైకి ఇవతల సుమారు 90 కిలోమీటర్లలో ఉంది కారైక్కుడి. మునీశ్వరన్ కోవెల వీధిలో ఈ కొట్లే వరసగా ఉంటాయి. ఇక్కడి వ్యాపార కులస్థులు చెట్టియార్లు బర్మా, మలయా వ్యాపారాల్లో గడించి పెద్ద పెద్ద మేడలు కట్టారు. రెండో ప్రపంచ యుద్ధంతో ఆ వ్యాపారాలు దెబ్బతిన్నాయి. తర్వాత వాటాలు పంచుకున్నప్పుడల్లా ఇంట్లో సామాను కొంత ఈ వీధికి చేరింది. బర్మా టేకు గుమ్మాలు, స్వీడన్, జపాన్ ఎనామిల్ గిన్నెలు, గంగాళాలు... ఒక పూట పూర్తిగా ఉంచుకోండి.

మరచెంబు చేతికి రాగానే మూత తిప్పండి. మర సాఫీగా తిరిగి, చివర గట్టిగా బిగుసుకోవాలి. నీళ్ళు పోయించి తలకిందులుగా కాసేపు పట్టుకోండి. ప్రయాణం కోసమే చేసిన చెంబది, కారితే ఇక అలమరలో బొమ్మే. అయస్కాంతం అంటుకుంటే ఇనుము మీద పూత అని అర్థం. అంటుకోలేదని పాతదనుకోకండి, నిన్న చేసిన ఇత్తడికీ అంటదు. వయసు తెలిసేది అరుగుదలలోనే. చెయ్యి పడే చోట, అడుగు అంచున నున్నగా అరిగి, సందుల్లో మాత్రం నలుపుండాలి. అంతా ఒకే తీరు నలుపైతే మందు పూశారేమోనని అనుమానించాల్సిందే.

మెడ దగ్గర చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరుంటే మాత్రం ఇంకేం ఆలోచించకండి. విజయవాడ వన్‌టౌన్‌లో పాత ఇత్తడి తూకానికి కొనే కొట్లో ఒకసారి ఒక చెంబు చూశాను. ‘చి.ల.సౌ.’ అన్న అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి, ఆ పక్కన పేరు సగానికి పైగా అరిగిపోయింది. ఎవరి సారె చెంబో! అలాంటివి కరిగించెయ్యడానికి పోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. కొట్టువాళ్ళు మిషన్ మీద మెరుగు పెట్టిస్తామంటారు, వద్దనండి. ఉన్న అక్షరాలూ పోతాయి. ఇంటికొచ్చాక చింతపండుతో మెల్లగా తోముకుంటే చాలు. మజ్జిగ లాంటి పుల్లటివి పోయాలంటే లోపల కళాయి (తగరం) పూత ఉండాలి, లేకపోతే చిలుము పడుతుంది.

పాత విగ్రహం మాత్రం కొనొద్దు. వందేళ్ళు దాటిన విగ్రహం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని మనలాంటి వాళ్ళం దేశం దాటించకూడదు. పైగా అది ఏ గుడిలోంచి వచ్చిందో ఎవరికెరుక? తమిళనాడులోని శ్రీపురందాన్ గుడి నటరాజు అలాగే దొంగల చేతుల్లో పడి, ఆస్ట్రేలియా మ్యూజియం దాకా వెళ్ళి, 2014లో తిరిగొచ్చాడు. అబ్బాయి పూజగదికి అలాంటిది ఎందుకమ్మా?

చెన్నై నుంచి కుంభకోణం, తంజావూరు మీదుగా దిగండి. కుంభకోణం పక్కనే స్వామిమలై ఉంది. అక్కడి స్థపతులు మైనం బొమ్మ మీద మట్టి అచ్చు వేసి పోసిన కొత్త విగ్రహం తీసుకోండి, కొత్తదని రసీదు మీద రాయించుకోండి. కస్టమ్స్ వాళ్ళు అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ ఇచ్చే ధ్రువపత్రం కూడా అడగొచ్చు, పంపేముందు కనుక్కోండి.