కెర్నల్ అప్‌డేట్ తర్వాత లాప్‌టాప్ స్పీకర్లు మూగబోతే ఏం చేయాలి?

లినక్స్ కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపించే సిస్టమ్ గుండెకాయ) అప్‌డేట్ అయ్యాక స్పీకర్లు మోగడం లేదు, హెడ్‌ఫోన్స్‌లో మాత్రం వినిపిస్తోంది, మొత్తం రీఇన్‌స్టాల్ చేయాలా అని అడిగారు. వద్దండీ. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే. పైగా రీఇన్‌స్టాల్ చేసి అప్‌డేట్ కొట్టగానే అదే కెర్నల్ మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

ముందు లాప్‌టాప్ ఆన్ చేయగానే వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్ళి పాత కెర్నల్‌తో బూట్ చేయండి. స్పీకర్లు మోగాయా? అయితే హార్డ్‌వేర్ బాగానే ఉంది, ఇది రిగ్రెషనే, అంటే పాత వెర్షన్‌లో పనిచేసింది కొత్తదానిలో చెడిందన్నమాట. మోగలేదంటే సంగతి వేరు, టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ అనే సౌండ్ కంట్రోల్ తెరిచి స్పీకర్ మ్యూట్‌లో ఉందేమో చూసుకోండి.

రెండేళ్ళ క్రితం నాకూ ఇదే జరిగింది. హెడ్‌ఫోన్స్ పనిచేస్తూ స్పీకర్లు ఆగిపోవడం వింతగా అనిపిస్తుంది కానీ కారణం ఉంది. చాలా లాప్‌టాప్‌లలో స్పీకర్లకు వేరే యాంప్లిఫయర్ ఉంటుంది. దాన్ని ఎలా ఆన్ చేయాలన్నది మోడల్‌కో రకం. అందుకే కెర్నల్ సౌండ్ డ్రైవర్‌లో ‘క్వర్క్’ల పట్టిక ఒకటి ఉంటుంది. ఈ నంబరు ఉన్న లాప్‌టాప్ అయితే ఈ చిట్కా వాడు అని వరసగా వందల ఎంట్రీలు. ఒక లాప్‌టాప్ కోసం వేసిన చిట్కా ఇంకోదాని గొంతు నొక్కేయొచ్చు.

ఏ మార్పు వల్ల చెడిందో పట్టుకోవడానికి గిట్ బైసెక్ట్ ఉంది. గిట్ అంటే కోడ్‌లో జరిగిన ప్రతి మార్పునీ (కమిట్‌నీ) దాచిపెట్టే సాధనం. పనిచేసిన వెర్షన్, పనిచేయని వెర్షన్ చెబితే మధ్యలోది ఇస్తుంది. దాన్ని బిల్డ్ చేసి (కోడ్ నుంచి కెర్నల్‌గా కట్టి), బూట్ చేసి, మంచిదో చెడ్డదో చెప్పాలి. ప్రతిసారీ సగం తగ్గిపోతాయి కాబట్టి 14 వేల కమిట్లున్నా దాదాపు 14 సార్లలో తేలుతుంది. మొదటి బిల్డ్‌కి నాకు గంటన్నర పట్టింది. తర్వాత లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ అనే బిల్డ్ సెట్టింగ్ వాడితే పావుగంటకి దిగింది. అది ఆ క్షణంలో లోడ్ అయి ఉన్న మాడ్యూల్స్‌నే (డ్రైవర్ల లాంటి ముక్కల్నే) ఉంచుతుంది, కాబట్టి మీరు వాడే యూఎస్‌బీ సామానంతా ముందే గుచ్చి పెట్టండి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే మనం డిజిటల్ సంతకం చేయకుండా కట్టుకున్న కెర్నల్ బూట్ అవదు, అదీ ఆపుకోవాలి.

ఇంత చేశాక నా బైసెక్ట్ ఎక్కడ తేలిందో తెలుసా? ఏదో ఫైల్‌సిస్టమ్ కమిట్ దగ్గర! దానికీ స్పీకర్‌కీ సంబంధమే లేదు. ఒక ఆదివారం మొత్తం గంగపాలు. తప్పు గిట్‌ది కాదు, నాదే. ప్రతిసారీ రీస్టార్ట్ కొట్టి పరీక్షించాను. రీస్టార్ట్‌లో కోడెక్‌కి (సౌండ్ చిప్‌కి), యాంప్లిఫయర్‌కి కరెంట్ పూర్తిగా పోకపోవచ్చు. మంచి కెర్నల్ ఆన్ చేసిన యాంప్లిఫయర్ అలాగే ఉండిపోయి, తర్వాత వచ్చిన చెడ్డ కెర్నల్‌లో కూడా మోగింది. నేను దానికి ‘గుడ్’ అని సర్టిఫికెట్ ఇచ్చేశాను! డ్యూయల్ బూట్ ఉన్నవాళ్ళకు విండోస్ నుంచి నేరుగా వచ్చినా ఇదే తిరకాసు. రెండోసారి ప్రతి పరీక్షకీ పూర్తిగా షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, కాసేపాగి ఆన్ చేశాను. ఈసారి సరిగ్గా క్వర్క్ పట్టికలో ఒకే ఒక్క లైన్ చేర్చిన కమిట్ దగ్గర ఆగింది. ఇంకో మోడల్‌కి, నా మోడల్‌కి ఒకే పీసీఐ సబ్‌సిస్టమ్ నంబరు, పట్టికలో లాప్‌టాప్‌ని గుర్తుపట్టేది దానితోనే. వాళ్ళ మందు నాకు పడింది. ఆ కమిట్‌ని రివర్ట్ చేయగానే (వెనక్కి తీసేయగానే) పాట మోగింది.

మీరూ అక్కడిదాకా వస్తే రివర్ట్ చేసుకుని ఊరుకోకండి, ఆ ఇంకో మోడల్ వాళ్ళ స్పీకర్లకు ఆ లైన్ కావాలి. కెర్నల్‌లో ఏ భాగం ఎవరు చూసుకుంటారో రాసి ఉండే మెయింటైనర్స్ ఫైల్‌లో సౌండ్ విభాగం కింద యారొస్లావ్ కిసెలా, తకాషి ఇవాయ్ పేర్లున్నాయి. బైసెక్ట్ చూపిన కమిట్ నంబరు, మంచి చెడ్డ కెర్నళ్ళ రెండింటి ఆల్సా-ఇన్ఫో (సౌండ్ వివరాలన్నీ పోగుచేసే స్క్రిప్ట్) అవుట్‌పుట్ పెట్టి వాళ్ళకీ, అక్కడే ఉన్న మెయిలింగ్ లిస్ట్‌కీ మెయిల్ చేయండి. ప్లెయిన్ టెక్స్ట్‌లోనే పంపండి, హెచ్‌టీఎంఎల్ మెయిల్ (రంగులూ ఫాంట్లూ ఉండేది) లిస్ట్ నుంచి తిరిగొచ్చేస్తుంది. నాకు ఒక డెవలపర్ పంపిన ప్యాచ్‌లో (కోడ్ సవరణలో) పీసీఐ నంబరు బదులు కోడెక్ సొంత సబ్‌సిస్టమ్ నంబరుతో పోల్చారు. అది రెండు మోడళ్ళకీ వేరు. పరీక్షించి పనిచేసిందని రాశాను, తర్వాత స్టేబుల్ కెర్నల్‌లోకీ వచ్చింది.

అప్పటిదాకా పాత కెర్నల్‌నే వాడుకోండి. అక్కర్లేని ప్యాకేజీలు తీసేసే ఆటోరిమూవ్ కమాండ్ కొట్టే ముందు జాబితాలో అది ఉందేమో ఒకసారి చూసుకోండి.