నోరు లేని బొమ్మ: మా చెల్లెలి కూతురికి ఒక ఉత్తరం

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఒక పిల్లవాడికి ఇంట్లో ఎదురైన లైంగిక వేధింపు గురించి నువ్వు పంపిన ఆ పరాయి దేశపు పాట వీడియో మూడు రాత్రుల్లో ఐదుసార్లు చూశాను. మొదటిసారి చూశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. బెజవాడలో మీ సినిమా మిత్రులు కలిసినప్పుడు దీని మీద అరగంట మాట్లాడాలట, అందులోని గుర్తులన్నిటికీ అర్థాలు చెప్పమన్నావు. ఇరవై తొమ్మిదేళ్ళు డ్రాయింగ్ టీచరుగా పిల్లల బొమ్మలు చూసినదాన్నని అడిగావు, సంతోషం. కానీ అల్మరా అంటే రహస్యం, నీళ్ళంటే భయం, నలుపంటే కీడు అని బల్లి శాస్త్రం చూసినట్టు చూడొద్దు తల్లీ. ఏ వస్తువుకు ఏ అర్థమో ఆ వీడియోలోనే తేలాలి.

ముందు శబ్దం తీసేసి చూడు. తర్వాత కళ్ళు మూసుకుని పాట మాత్రం విను. మూడోసారి నోట్‌బుక్ దగ్గర పెట్టుకుని కూర్చో. కనిపించింది మాత్రమే రాయి. 'నిమిషం పన్నెండు సెకన్ల దగ్గర తలుపు కింద పసుపు వెలుతురు' అని రాయి, 'అబ్బాయి భయం' అని రాయకు. భయం అని రాసేశావంటే ఇక ఆ వెలుతురును నువ్వు చూడవు. ఆ వెలుతురు పల్లవి వచ్చినప్పుడల్లా వస్తుంది, మూడోసారి మాత్రం దాన్ని రెండు కాళ్ళ నీడలు అడ్డుకుంటాయి. పాటలో మాట ఒక్కటీ మారలేదు, బొమ్మ మారింది. ఇలా మళ్ళీ మళ్ళీ వచ్చేదేది, వచ్చినప్పుడు అందులో మారినదేది అన్నది పట్టుకుంటే సగం పని అయినట్టే.

ఇది మట్టి బొమ్మను చేత్తో కొంచెం కొంచెం కదిపి ఫోటోలు తీసి చేసిన వీడియో. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు, అంటే విడి ఫోటోలు, నడుస్తాయి. ఇలాంటి పనిలో ఒక్కో భంగిమను రెండేసి ఫ్రేములు నిలపడం మామూలు, అంటే సెకనుకు 12 భంగిమలు. నాలుగు నిమిషాల పాటకు 2,880. మామూలు షూటింగులో అయితే వెనక నుంచి ఒక ఆవు నడిచి వెళ్ళిపోవచ్చు. ఇక్కడ గోడ మీద ఈగ వాలినా ఎవరో ఒకరు తయారుచేసి అక్కడ పెట్టిందే. అందుకే చిన్న వస్తువునైనా తేలిగ్గా తీసుకోకు.

అయితే ఇందులో ఒక చిక్కుంది. ఇంత కష్టమైన పనిలో శ్రమ తగ్గించుకోడానికి ఒకే నడకను మళ్ళీ వాడతారు, పెదవులు కదిలించే పని తప్పించుకోడానికి నోళ్ళే పెట్టరు. 'అబ్బాయికి నోరు లేదు, అంటే చెప్పుకోలేకపోయాడు' అని నువ్వు రాశావు. అలా అనేముందు మిగతావాళ్ళ నోళ్ళు చూశావా? ఎవరికీ లేకపోతే అది వాళ్ళు పని చేసే పద్ధతి కావచ్చు. నేను వెనక్కి వెళ్ళి చూశాను. రెండో చరణంలో భోజనాల బల్ల దగ్గర అమ్మకు ఎర్రదారంతో చేసిన నోరుంది. పక్కింటావిడకు ఉంది. గోడ మీది ఫోటోలో చంటిపిల్లాడిగా ఉన్న ఆ అబ్బాయికి కూడా ఉంది! అంటే పుట్టుకతో లేకపోవడం కాదు, మధ్యలో పోయింది. నువ్వన్నది నిజమే, కానీ ఇప్పుడు దానికి ఆధారం దొరికింది. సమావేశంలో ఆ ఫోటో చూపించి మాట్లాడు.

నీడ సంగతి కూడా ఇలాంటిదే. తోలుబొమ్మలాటలో బొమ్మను తెరకు ఆనిస్తే ఉన్నంతే కనిపిస్తుంది, దీపం వైపు జరిపితే నీడ పెద్దదై అంచులు చెదిరిపోతాయి. ఈ వీడియోలో అబ్బాయి గదికి వచ్చే ఆ మనిషి దూరంగా మెట్ల మీద ఉన్నప్పుడు నీడ గోడంతా పాకుతుంది. గదిలోకి వచ్చాక అతను మామూలు ఎత్తు, మామూలు చొక్కా, ఒక గుండీ ఊడిపోయి ఉంది. ముఖం మాత్రం ఒక్కసారీ చూపించలేదు, నడుము దాకానే. బెల్టు, గడియారం పెట్టుకున్న చెయ్యి. పిల్లవాడి కళ్ళ ఎత్తు నుంచి చూస్తే అంతే కనిపిస్తుంది మరి. ఎదురుచూడటంలోనే భయం అంత పెద్దదవుతుందనీ, వచ్చేవాడు రాక్షసుడు కాదు, ఇంట్లో అందరికీ తెలిసిన మనిషేననీ నేను అర్థం చేసుకున్నాను. నీకు ఇంకోలా తోస్తే అలాగే చెప్పు, కానీ ఆ గుండీని వదలకు.

దిండు కింద చెయ్యి దూరే సీను నీకు అర్థం కాలేదన్నావు. మన పిల్లలు ఊడిన పన్ను ఇంటి కప్పు మీదికి విసురుతారు. ఇంగ్లీషు దేశాల్లో దిండు కింద పెట్టుకుని పడుకుంటారు, రాత్రి దేవకన్య వచ్చి పన్ను తీసుకుని నాణెం పెట్టి వెళుతుందని పెద్దవాళ్ళు చెబుతారు. ఆ ముద్దు కథనే ఇక్కడ తిరగేశారు. చెయ్యి రావడం, నాణెం మిగలడం, తీసుకుపోయింది ఏమిటో చూపించకపోవడం. పరాయి దేశపు వీడియోలో ఏదైనా వింతగా తోస్తే అక్కడి పిల్లల ఆటలు, పాటలు, పండగలు వెతుకు. గుడ్లగూబ మనకు అపశకునం, వాళ్ళ పిల్లల పుస్తకాల్లో అది తెలివికి గుర్తు.

నన్ను అన్నిటికన్నా ఏడిపించింది చెయ్యి ఊడే సీను. కొండపల్లి బొమ్మలకు చేతులు విడిగా చెక్కి, రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన మక్కుతో అతికిస్తారు. చిన్నప్పుడు మీ అమ్మ చేతిలో ఏనుగు అంబారీ మీద రాజుగారి చెయ్యి ఊడితే తాతయ్య అన్నం మెతుకులతో అంటించి ఇచ్చారు. ఈ అబ్బాయి ఊడిన చేతిని తనే తీసి జేబులో పెట్టుకుని బడికి వెళతాడు. టీచరు చూస్తుంది, అటెండెన్స్ వేసుకుంటుంది. అక్కడ ఆపేసి చాలాసేపు కూర్చున్నాను.

ఎందుకంటే ఆ టీచరును నేనే. నా క్లాసులో ఒక అబ్బాయి నెలల తరబడి తలుపు లేని ఇల్లే వేసేవాడు. నేను స్టాఫ్‌రూమ్‌లో పెద్ద అర్థం చెప్పి, తల్లిదండ్రులను పిలిపించి, ఆ పిల్లవాడిని అందరి ముందూ నిలబెట్టాను. వాళ్ళ ఇంటికి తలుపు పక్క సందులో ఉంది, వాడు రోడ్డు మీంచి చూసింది చూసినట్టు వేశాడు. ఆ తర్వాత వాడు నా క్లాసులో బొమ్మ వేయలేదు. అదే ఏడాది అన్నీ పూలూ సీతాకోకచిలుకలూ వేసిన ఒక అమ్మాయి మీద నాకు ఏ అనుమానమూ రాలేదు. పెళ్ళయ్యాక నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఆ రోజుల్లో తన ఇంట్లో ఏం జరిగేదో చెప్పింది. 'మీకు చెబుదామని రెండుసార్లు వచ్చాను టీచర్, మీరు పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నారు' అంది. బొమ్మ సాక్ష్యం చెప్పదు బుజ్జీ. మనిషి చెప్పడానికి వస్తే పని పక్కన పెట్టాలి.

అందుకే 'తీసినవాడు చిన్నప్పుడు ఇవన్నీ పడ్డాడు' అనకు. అతను తన నోటితో చెప్పి ఉంటే తప్ప అది మనం తేల్చేది కాదు. వీడియో గురించి మాట్లాడు, మనిషి గురించి వద్దు.

ఇంకొకటి. నీ ముందు ముప్పై మంది కూర్చుంటారన్నావు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ మన రాష్ట్రంతో కలిపి 13 రాష్ట్రాల్లో పిల్లలను అడిగితే 53 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు. కాబట్టి ఆ కుర్చీల్లో అలాంటివాళ్ళు ఉంటారనుకునే మాట్లాడు. వీడియో దేని గురించో ముందే చెప్పు, చూడలేనివాళ్ళు లేచి బయటికి వెళ్ళేలా లైట్లు కాస్త వేసి ఉంచు. అయ్యాక ఎవరైనా వచ్చి తమ సంగతి చెబితే అర్థాలు విప్పడం అక్కడితో ఆపు, విను. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల మాటైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యాలి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి, ఆ పిల్లల పేరు మాత్రం బయటపెట్టకూడదు.

చివరి సీను గురించి నువ్వు రాసింది ఒప్పుకోను. అబ్బాయి పెద్దవాడై ఆ మనిషి ముసుగు తొడుక్కున్నాడు కాబట్టి 'బాధపడ్డవాడే బాధపెట్టేవాడవుతాడు' అన్నావు. అలాంటి చిన్నతనం గడిపినవాళ్ళలో ఎక్కువమంది ఎవరికీ ఆ పని చేయరు. పూలు వేసిన ఆ అమ్మాయికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు, వాళ్ళ మీద ఈగ వాలనివ్వదు. ఆ గదిలో కూర్చున్నవాళ్ళకు నీ నోటి నుంచి ఆ మాట వినపడకూడదు. శబ్దం తీసేసి ఆ సీను మళ్ళీ చూడు. ముసుగు తాడు తల వెనక ముడి పడుతున్నప్పుడు ఆ అబ్బాయి రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి. ముడి వేస్తున్న చేతులు ఎవరివో, వాటిలో ఒకదానికి గడియారం ఉందో లేదో చూసి నాకు రాయి.

ఉంటాను,
పెద్దమ్మ