11 ఏళ్ళ పాపతో సీజన్ మొదట్లోనే క్రాస్‌బో వేటకి వెళ్ళొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఉండేది ఒహాయోలో. ఆఫీసులో ఒకాయన తన పొలంలో జింకల వేటకి రమ్మన్నాడు. మీ 11 ఏళ్ళ పాప తనూ వస్తానని పట్టుబట్టింది. తుపాకీ అంటే ఇంట్లో ససేమిరా, క్రాస్‌బో (తుపాకీలా ట్రిగ్గర్ నొక్కి బాణం వదిలే విల్లు) అయితే సరేనట. సెప్టెంబరు ఆఖర్లో సీజన్ మొదలవగానే వెళ్ళాలా, చలి పడేదాకా ఆగాలా?

సెప్టెంబరులోనే వెళ్ళండి. కానీ వేడిగా ఉన్న సాయంత్రం, పొద్దు గూకాక మిగిలిన ఆ కాస్త వెలుగులో మాత్రం పాప చేత బాణం వేయించకండి. ఈ ఒక్క ముక్క కోసమే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

నేనూ మా అమ్మాయీ ఆగ్నేయ ఒహాయో కొండల్లో నాలుగేళ్ళుగా వెళ్తున్నాం. మాది మార్కాపురం వైపు. నల్లమల పక్కనే పెరిగినా వేట అన్నది కళ్ళతో చూడలేదు. 1972 చట్టం వచ్చాక మన దగ్గర జింకని కొడితే జైలే కదా. ఇక్కడి లెక్క వేరు. వాటిని తినే తోడేళ్ళు ఈ రాష్ట్రంలో ఎప్పుడో అంతరించాయి, జింకలేమో సోయా చేలని మేసేస్తుంటాయి. ఎవరు ఎన్ని కొట్టొచ్చో రాష్ట్ర వన్యప్రాణి శాఖే లెక్కగట్టి పర్మిట్లు అమ్ముతుంది. మా అమ్మకి ఇది ఫోన్లో ఎన్నిసార్లు చెప్పినా "ఆడపిల్ల చేత ఆ పాపం ఎందుకురా" అనే అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మీరు వీసా మీద ఉన్నారో లేదో రాయలేదు. హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడానికి ఫెడరల్ చట్టం అడ్డం వస్తుంది, వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. క్రాస్‌బోలో మందుగుండు లేదు కాబట్టి ఆ చట్టం లెక్కలో అది తుపాకీయే కాదు. మన తెలుగువాళ్ళు చాలామంది దీనితో మొదలుపెట్టడానికి అదో కారణం. ఒహాయోలో ఆర్చరీ సీజన్ (విల్లుతో వేటాడే కాలం) పొడుగునా, సెప్టెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా, క్రాస్‌బో వాడొచ్చు. అన్ని రాష్ట్రాలూ ఇలా ఉండవు, ఆరెగాన్‌లో దాంతో వేటే నిషేధం. ఇల్లు మారితే ముందు అక్కడి రూల్సు చూసుకోండి. మీకూ పాపకీ మామూలుగా హంటర్ ఎడ్యుకేషన్ అనే శిక్షణ కోర్సు, లైసెన్సు, జింక పర్మిట్ కావాలి. ఇంకొకటి, పొలం ఆయన నోటిమాటగా రమ్మంటే చాలదు. ఒహాయోలో కాగితం మీద రాసిచ్చిన అనుమతి దగ్గర ఉండాలి.

సెప్టెంబరే ఎందుకంటే, పిల్లలు చలికి ఆగలేరు. నవంబరులో మగ జింకలు ఆడవాటి వెంట పరుగెత్తే రోజుల్లో పెద్దవాళ్ళకి పండగే గానీ, మంచు కురిసే పొద్దున మూడు గంటలు కదలకుండా కూర్చోమంటే ఏ పిల్లయినా మళ్ళీ రానంటుంది. సీజన్ మొదట్లో జింకలకి దినచర్య ఉంటుంది. పగలు నీడలో పడుకుంటాయి, పొద్దు వాలగానే సోయా చేలోకి దిగుతాయి, తెల్లారేసరికి వెనక్కి పోతాయి. ఓక్ కాయలు రాలడం మొదలైతే మాత్రం చేను వదిలేసి ఆ చెట్ల కిందికి చేరతాయి. అందులోనూ వైట్ ఓక్ కాయ అంటే ప్రాణం, రెడ్ ఓక్ కాయంత వగరు ఉండదు. పాపతో ఒక ఆదివారం ఊరికే నడిచి వైట్ ఓక్ చెట్టు ఎక్కడుందో, దాని కింద పెంటికలూ నమిలి ఊసిన పెంకులూ ఉన్నాయో లేదో చూసి రండి. మా అమ్మాయికి అసలు వేట కంటే ఈ జాడలు వెతకడమే ఇష్టం.

మంచె ఎక్కించకండి. చెట్టు మీద స్టాండు, దానికో బెల్టు, పిల్లతో అదంతా మొదటేడు అవసరం లేదు. నేల మీద గుడారం లాంటి బ్లైండ్ దొరుకుతుంది, అదే మన మాటు. లోపల పిల్ల కాస్త కదిలినా, చిప్స్ తిన్నా పర్వాలేదు. లోపల చీకటిగా ఉంటుంది కాబట్టి నల్ల చొక్కా వేయండి, నీలం జీన్స్ వద్దు. జింకలకి ఎరుపు సరిగ్గా ఆనదు గానీ నీలం బాగా కనిపిస్తుంది. గాలివాటు చూసుకోండి. మీ వీపు వెనక నుంచి గాలి చెట్టు వైపు వీస్తుంటే ఆ రోజు అక్కడ కూర్చోవడం దండగ. పిడుదులు (టిక్స్) ఆ నెలల్లో విపరీతం. బట్టలకి ముందురోజే పెర్మెత్రిన్ అనే పురుగుల మందు కొట్టి ఆరబెట్టండి, ఇంటికొచ్చాక పాప తలా చెవుల వెనకా వెతకండి.

క్రాస్‌బోని బొమ్మ విల్లు అనుకోవద్దు. నాది 185 పౌండ్ల బరువు లాగుతుంది. తాడు గిలకతో లాగితే సగానికి దిగినా పాపకి అది అసాధ్యం, నేనే ఎక్కిస్తాను. ముందు భాగం బరువు కాబట్టి పిల్లలు చేతుల్లో పట్టుకుంటే ఊగుతుంది, ముక్కాలి స్టాండు మీద పెట్టండి. పట్టుకున్న చేతి బొటనవేలు బాణం జారే పట్టా మీదికి రాకూడదు. వస్తే అల్లె (విల్లు తాడు) ఆ వేలిని తీసుకునే పోతుంది. ఈ మాట నేను మా అమ్మాయికి వందసార్లు చెప్పి ఉంటాను, ఇప్పటికీ చెప్తున్నాను. బాణం లేకుండా ట్రిగ్గర్ నొక్కకూడదు, విల్లు రెక్కలు పగిలి ముఖం మీదికి వస్తాయి. మాటులో రెక్కలు విప్పుకోవడానికి రెండువైపులా చోటుందో లేదో ముందే చూసుకోండి. ఆగస్టు అంతా పెరట్లో టార్గెట్ మీద కూర్చునే కొట్టించండి, నిలబడి కాదు. మాటులో కూర్చునే కదా వేయాలి.

మా అమ్మాయి పెరట్లో 40 గజాల దాకా గురి తప్పకుండా కొట్టేది. అక్కడే నేను మోసపోయాను.

రెండో ఏడు, అక్టోబరు మొదటి శనివారం. సాయంత్రం 5కి 74 డిగ్రీలు (నేను చెప్పే డిగ్రీలన్నీ ఫారెన్‌హీటే), చెమటలు. 7:10కి పొద్దు గూకింది. సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా చట్టం ఒప్పుకుంటుంది. 7:20కి చేను అంచున ఒక ఆడజింక, సరిగ్గా 30 గజాలు, పక్కకి తిరిగి నిలబడింది. నేను పాప చెవిలో "కొట్టు" అన్నాను. "నాన్నా, తల ఎత్తింది" అంది. "పర్లేదు, కొట్టు" అన్నాను.

ఇక్కడో లెక్క. మా క్రాస్‌బో బాణం సెకనుకు సుమారు 350 అడుగులు పోతుంది. శబ్దం సుమారు 1100 అడుగులు పోతుంది. 30 గజాలంటే 90 అడుగులు, బాణానికి పావు సెకను పైనే పడుతుంది, అల్లె చప్పుడు మాత్రం సెకనులో పన్నెండో వంతులో చెవికి చేరిపోతుంది. తల దించి మేసే జింకకి ఆ తేడా ఒక లెక్క కాదు. తల ఎత్తి చెవులు రిక్కించిన జింకకి ఎగరడానికి ముందు కుంగి పక్కకి తిరగడానికి ఆ కాస్త చాలు. మాది కుంగి తిరిగింది. జబ్బ వెనక తగలాల్సిన బాణం పొట్టలో తగిలింది.

బాణం దొరికింది. ఆకుపచ్చగా, కడుపు వాసన. నురగ కట్టిన లేత ఎరుపు రక్తమైతే ఊపిరితిత్తులు, అరగంట ఆగి వెళ్ళొచ్చు. ముదురు ఎరుపైతే కాలేయం, నాలుగు గంటలు. ఇలా పచ్చగా ఉంటే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు కదిలించకూడదు. దగ్గర్లోనే పడుకుని ప్రాణం వదులుతుంది, తరిమితే మైళ్ళు పోతుంది. చల్లటి రాత్రయితే అలాగే వదిలేసి పొద్దున వెళ్తారు. ఆ రాత్రి 60 కిందికి దిగనే లేదు. ఫ్రిజ్ అంత చలి, అంటే 40 డిగ్రీల దరిదాపుల్లో లేకపోతే మాంసం నిలవదు. వెళ్తే జింక పోతుంది, ఆగితే మాంసం పోతుంది. ఆగాను.

తెల్లారి 150 అడుగులు వేయగానే కనిపించింది. పొట్ట ఉబ్బిపోయింది, వెనకభాగం కొయోట్లు (ఇక్కడి నక్కలాంటి జంతువులు) తినేశాయి. మా ట్యాగ్ దానికే కట్టాం, గేమ్ చెక్‌లో (కొట్టిన జింకని రాష్ట్రానికి తెలిపే చోట) నమోదు చేశాం, పర్మిట్ వాడేసినట్టే. కారులో చాలాసేపు మాట్లాడలేదు. ఇల్లు దగ్గరపడ్డాక "నేను చెప్పాను కదా నాన్నా, తల ఎత్తిందని" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

అప్పటినుంచి మాటులో "కొట్టు" అన్న మాట నేను అనను. "వద్దు" అనే హక్కు మాత్రం ఇద్దరికీ ఉంది, ఎవరన్నా ఎందుకని అడగకూడదు. దూరం 25 గజాలు దాటితే లేదు, తల ఎత్తి ఉంటే లేదు, 55 డిగ్రీలు దాటిన సాయంత్రమైతే సూర్యాస్తమయానికి గంట ముందే బాణం తీసి సంచిలో పెట్టేస్తాం. ఊరికే కూర్చుని చూసి వస్తాం. చీకట్లో చప్పుడు విని బాణం వదిలిన దశరథుడి కథ మా అమ్మ ఫోన్లో చెప్పింది పాపకి, నా రూల్సు అన్నిటికంటే అదే బాగా పట్టింది.

పొద్దున పూట వెళ్తే జింకలు బెదురుతాయని ఇక్కడి పాతకాపులు మీకు చెప్తారు. నిజమే, చేలోంచి నడిచి వెళ్తే బెదురుతాయి. మేం వాగు వైపు నుంచి చీకటుండగానే నేరుగా ఓక్ చెట్ల కిందికి వెళ్తాం, చేను ముట్టం. మూడో ఏడు సెప్టెంబరు ఆఖరి ఆదివారం, 8:10కి, 22 గజాల్లో ఆడజింక తల దించి కాయలు ఏరుతోంది. పాపే నిర్ణయించుకుంది. బాణం తగిలాక 40 గజాల్లోపే పడిపోయింది. 9కల్లా పేగులు తీసి, ఛాతీలో ఐసు సంచులు కూరి, కారెక్కించాం. ఇంకా రోజంతా వెలుగు మిగిలే ఉంది కాబట్టి ఎక్కడా కంగారు లేదు. కడుపు కోసేటప్పుడు పాపని చూడమనలేదు, చూడొద్దనీ అనలేదు. కాసేపు వాగు దగ్గర రాళ్ళు విసురుకుని, తనే వచ్చి జింక కాలు పట్టుకుంది.

వంట గురించి కూడా అడిగారు. కొవ్వు మొత్తం తీసేయండి, మైనంలా అంగిలికి అతుక్కుంటుంది, ఆ నీచు వాసన చాలావరకు దానిదే. కాళ్ళ మాంసం కుక్కర్లో గోంగూరతో బాగుంటుంది. ఒట్టి తునకలు చేయాలనుకుంటే మన ఊళ్ళోలాగా దండెం మీద ఎండబెట్టకండి, ఇక్కడి గాలిలో తేమకి పాడవుతాయి. ఉప్పూ పసుపూ కారం పట్టించి, ముందు ఓవెన్లో లోపలిదాకా 160 డిగ్రీలు తగిలేలా వేడిచేసి, ఆ తర్వాత డీహైడ్రేటర్లో పెట్టండి. వెన్ను పక్కన ఉండే బ్యాక్‌స్ట్రాప్ మెత్తటిది, దాన్ని కూర చేసి పాడుచేయకండి, పెనం మీద నిమిషాల్లో అయిపోతుంది. అందులో ఒక ముక్క పొలం ఆయనకి ఇవ్వడం మర్చిపోవద్దు. మేం ధనియాలూ మిరియాలూ దట్టించి ఇచ్చాం. ఆ డిసెంబరులో ఫోన్ చేసి, ఇంకా ఉందా అని అడిగాడు.